పిందెకు పేరు పెట్టిందెవరు?

కొల్లాపూర్ చుట్టుపక్కల తోటల్లో సంక్రాంతి దాటిందంటే మామిడి పూత మెల్లగా పిందె కట్టడం మొదలవుతుంది. వంగిన కొన, గుండ్రటి పొట్ట... ఈ ఊరి పిల్లలు ఆ పిందెను రెండుచోట్ల చూస్తూ పెరుగుతారు. ఒకటి చెట్టు మీద, రెండోది అమ్మ పట్టుచీర అంచు మీద. 'మామిడి పిందెల అంచుది చూపించు బాబూ' అంటే చాలు, బట్టల దుకాణంలో కుర్రాడు మారుమాట లేకుండా అరలోంచి తీసి పరుస్తాడు.

అదే పిందెను బ్రిటన్‌లో చూపిస్తే 'పేజ్లీ' అంటారు. అదేం పండు అనుకునేరు! స్కాట్లండ్‌లో ఓ ఊరి పేరది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కశ్మీరు శాలువాలు ఐరోపా చేరి అక్కడి సంపన్నుల భుజాలెక్కాయి. అసలైన శాలువా నేయడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టేది. ధరా అలాగే ఉండేది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పేజ్లీ నేతగాళ్లు వాటికి నకళ్లు నేయడం మొదలుపెట్టారు. జకార్డ్ మగ్గం తోడయ్యాక అవి చవగ్గా, గుట్టలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. 1870ల్లో ఆ శాలువాల మోజు తీరిపోయింది. ఊరి పేరు మాత్రం పిందెకు అతుక్కుని ఉండిపోయింది. కశ్మీరు నేతగాడి ఊసు ఆ మాటలో ఎక్కడా లేదు.

మన నేతగాళ్లకు పేర్లు పెట్టడం రాకనా? వనపర్తి మీదుగా పడమటికి పోతే గద్వాల వస్తుంది. నూలు చీరకు పట్టు అంచును మగ్గం మీదే పోగుకు పోగు పెనవేసి కలపడం అక్కడి పనితనం. ఆ అంచుల్లో ఒకదాని పేరు 'కోటకొమ్మ'. కోటగోడ మీది పళ్లవరుసలా ఉంటుంది కనుక ఆ పేరు. ఇంత చక్కటి పేరు పెట్టిందెవరో, ఆ వరుసను మొదట మగ్గమెక్కించిందెవరో ఎవరూ రాసిపెట్టలేదు. పాత తేలియా రుమాళ్లనే చూడండి. ఏనుగులు, సింహాల పక్కనే విమానాలు, గడియారాలూ కనిపిస్తాయి. ఆకాశంలో కొత్తగా విమానం కనిపించిన కాలంలో దాన్ని దారంలోకి దింపిన మనిషి ఎంత సరదాపడి ఉంటాడో!

కొత్త డిజైను అంటే కాగితం మీద బొమ్మ గీస్తే అయిపోతుందనుకుంటాం. నల్గొండ వైపు చిటికి నేతలో అసలు పని అక్కడే మొదలవుతుంది. గళ్ల కాగితం మీద చిలకను గడులుగా విడగొట్టాలి. ఒక్కో గడి అంటే కొన్ని పోగుల కట్ట. ఏ కట్టకు ఎక్కడ రంగు అంటకూడదో లెక్కగట్టి, అక్కడ పాత సైకిల్ ట్యూబుల్ని సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు, విప్పుతారు, మళ్లీ కడతారు, మళ్లీ ముంచుతారు. బట్ట ఇంకా పుట్టనేలేదు, చిలక మాత్రం దారంలో దాక్కుని ఉంది! మగ్గమెక్కాక పోగులు పక్కకు జరిగితే దాని ముక్కు చెదిరిపోతుంది. పుట్టపాకలో పడుగుకూ పేకకూ రెంటికీ రంగు కట్టి నేసేవాళ్లున్నారు. అక్కడైతే నిలువు చుక్క, అడ్డం చుక్క సరిగ్గా ఒకేచోట కలవాలి.

ఇంత చేశాక ఆ డిజైనుకు దక్కేది చాలాసార్లు వ్యాపారి చీటీ మీద ఓ నంబరు.

మన ఎండలకు ఊలు మేజోళ్లతో పనిలేదు కానీ, చలిదేశాల్లో వాటిని చేత్తో అల్లేవాళ్ల పద్ధతి ఒకటి చూడదగ్గది. కొత్త అల్లిక కుదరగానే దానికో పేరు పెడతారు. ఎన్ని కుట్లతో మొదలుపెట్టాలి, మడమ దగ్గర ఎలా మలుపు తిప్పాలి అన్నీ రాసి, ఆ పేరు పక్కన తమ పేరు వేసుకుంటారు. 2006 చలికాలంలో 'నిట్టీ' అనే పత్రికలో కుకీ ఏ అనే అమెరికా డిజైనరు 'మంకీ' పేరుతో ఓ మేజోళ్ల అల్లిక ఇచ్చారు. దేశదేశాల్లో వేలమంది దాన్ని అల్లారు. ఎవరు అల్లినా అది కుకీ ఏ గారి మంకీయే. ఒక జత మేజోళ్లకున్న ఈ భాగ్యం ఆరు గజాల చీరకు లేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, తేలియా రుమాలుకు 2020లో. అయితే ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరును, ఆ నేతను. ఫలానా చిలక ఫలానా మనిషిదని అది చెప్పదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం వేరే ఉంది. నమోదు చేయించుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు హక్కు. కానీ అంతకుముందు ఎక్కడా బయటపడని డిజైనే అయ్యుండాలి. చీర నేయగానే అమ్మితే తప్ప పూట గడవని ఇంట్లో, దరఖాస్తు పెట్టేదాకా దాన్ని దాచిపెట్టడం జరిగే పనేనా? చీర బజారుకెళ్తుంది, ఆ వెనకే మిల్లు ప్రింటు దిగుతుంది. కొనేవాళ్లు బట్టను తిప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది. చిటికి నేతలో రెండువైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, మామూలు ప్రింటులో వెనక వెలవెలబోతుంది. ఎంతమంది తిప్పి చూస్తారన్నదే ప్రశ్న.

పేరు నిలిచిన ముచ్చట మాత్రం ఒకటుంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం, చీరకు వేలసార్లు చెయ్యి తిప్పుతూ ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్లతరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ యంత్రానికి పెట్టింది అమ్మ పేరే... లక్ష్మి. దాని మీద ఆసు పోసి నేసిన చీర దుకాణానికి చేరేసరికి 'ఆ ఎర్రంచు పోచంపల్లి తియ్యమ్మా' అంటున్నారు.