కంప్రెసర్ పోయిందంటే... ఒక్కరోజు ఆగండి

కోడ్ రాసేవాళ్లకు ఒక రకం బగ్ అంటే మహా భయం. టెస్టింగ్‌లో కనిపించదు, సరిగ్గా కస్టమర్ ముందే కనిపిస్తుంది. మొన్న మే నెలలో సిద్దిపేటలోని మా ఇంటి ఏసీకి అలాంటి బగ్గే వచ్చింది. రాత్రంతా బాగానే నడుస్తుంది. మధ్యాహ్నం రెండు దాటిందా, బయటి యూనిట్ గుర్రుమని మూలిగి, కొన్ని సెకన్లకే టక్కున ఆగిపోతుంది. లోపలి ఫ్యాన్ మాత్రం ఉత్త గాలి విసురుతూనే ఉంటుంది.

నా ఒక్కడి సంగతైతే ల్యాప్‌టాప్ పట్టుకొని కింది గదిలోకి పోయేవాణ్ని. కానీ నాయనమ్మకు ఆపరేషన్ అయ్యి పది రోజులే అయింది. 40 డిగ్రీలు దాటిన ఎండలో ఆమెను ఆ గదిలో ఎట్లా పడుకోబెట్టాలి?

మూడింటికి మెకానిక్ వచ్చాడు. మీటర్ పెట్టి చూశాడు. "కామన్ నుంచి రీడింగే వస్తలేదన్నా. వైండింగ్ ఓపెన్ అయింది. కంప్రెసర్ మార్చాలె, గ్యాస్‌తోటి కలిపి 14 వేలు అయితది" అన్నాడు. అడ్వాన్స్ పంపడానికి నేను ఫోన్‌లో యూపీఐ తెరిచేశా కూడా.

బాపు అడ్డం వచ్చాడు. "ఆగురా. మన ఇంటి బోరు మోటర్ గిట్లనే గుర్రుమంటే ముందుగాల ఏం జూస్తం? కండెన్సర్ జూడకుంటనే మోటర్ బోర్లకెల్లి గుంజుతమా?"

మనం కెపాసిటర్ అనేదాన్నే ఊళ్లల్ల కండెన్సర్ అంటారు. అప్పుడు నాకు సిగ్గేసింది. వైండింగ్ తెగిపోతే రాత్రికి తనంతట తానే అతుక్కుంటుందా? రాత్రి నడుస్తోందంటే తెగలేదనేగా! ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టని లాజిక్ బాపుకు తట్టింది.

మామూలు సింగిల్ ఫేజ్ ఏసీ కంప్రెసర్‌కు మూడు టెర్మినల్స్ ఉంటాయి: కామన్, రన్, స్టార్ట్. కామన్-రన్ మధ్య రెసిస్టెన్స్ తక్కువ, కామన్-స్టార్ట్ మధ్య కొంచెం ఎక్కువ. రన్-స్టార్ట్ మధ్య కొలిస్తే ఆ రెండూ కలిపినంత రావాలి. కామన్ దారిలో ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ అని ఒకటుంటుంది. కొన్నింట్లో అది కంప్రెసర్ లోపలే, కొన్నింట్లో టెర్మినల్ మూత కింద ఉంటుంది. కంప్రెసర్ బాగా వేడెక్కితే అది తెరుచుకొని కరెంట్ ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. లోపలిదైతే చల్లారడానికి గంట పైనే పట్టొచ్చు.

మెకానిక్ కొలుస్తున్నప్పుడు నేను తీసిన వీడియో మళ్లీ చూశా. కామన్ నుంచి రెండువైపులా ఓపెన్, నిజమే. కానీ రన్-స్టార్ట్ మధ్య 5 ఓమ్స్ చూపించింది. అంటే రెండు వైండింగ్‌లూ బాగానే ఉన్నాయి, తెరుచుకున్నది ఓవర్‌లోడ్ మాత్రమే! ఆయన మోసం చెయ్యలేదు. కాలుతున్న కంప్రెసర్‌ను కొలిచాడు, అంతే.

మర్నాడు పొద్దున బాపుకు తెలిసిన మోటర్ వైండింగ్ కాక వచ్చాడు. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే 2, 3, 5 ఓమ్స్. లెక్క సరిపోయింది. టెర్మినల్ నుంచి రాగి పైపుకు కొలిస్తే ఏ రీడింగూ లేదు, అంటే బాడీకి షార్ట్ లేదు. ఇక కెపాసిటర్ విప్పాడు. మీద 50 మైక్రోఫారడ్స్ అని రాసి ఉంది. మీటర్‌లో వచ్చింది 31.

బగ్ దొరికింది. కెపాసిటర్ బలహీనపడితే మోటర్‌కు మొదటి తోపు సరిపోదు. రాత్రి వోల్టేజ్ బాగుంటుంది, గ్యాస్ ప్రెషర్ తక్కువ, ఎట్లనో తిరిగేది. మధ్యాహ్నం అందరి ఏసీలూ నడిచి వోల్టేజ్ పడిపోతుంది, ఎండకు ప్రెషర్ పెరుగుతుంది. తిరగలేక మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంట్ గుంజి, వేడెక్కి ఆగిపోతోంది.

అంతే విలువున్న కొత్త కెపాసిటర్ కొన్ని వందల్లోనే వచ్చింది. బగ్ వచ్చే టైమ్‌కే టెస్ట్ చేయాలి కదా, రెండున్నరకు ఆన్ చేశాం. క్లాంప్ మీటర్‌లో ముల్లు లాంటి అంకె ఒక్క క్షణం పైకి లేచి, 7 ఆంపియర్ల దగ్గర నిలబడింది. సాయంత్రానికి నాయనమ్మ దుప్పటి అడిగింది.

ఇదంతా చదివి స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. మెయిన్ ఆపేసినా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది, గట్టిగా కొడుతుంది. టెర్మినల్ మూత తీసి కరెంట్ ఇవ్వడం ఇంకా ప్రమాదం. ఇన్వర్టర్ ఏసీ అయితే కథే వేరు. దాంట్లో మూడు వైండింగ్‌లూ సమానంగా చూపించాలి, తప్పు చాలాసార్లు బోర్డులో ఉంటుంది.

మీరు చేయాల్సింది అడగడమే. "చల్లారాక కొలిచారా? రన్-స్టార్ట్ మధ్య ఎంత వచ్చింది? బాడీకి షార్ట్ ఉందా? కెపాసిటర్ ఎంత చూపించింది?" చల్లారాక కూడా ఓపెనే చూపిస్తే, లేదా బాడీకి షార్ట్ ఉంటే, కంప్రెసర్ నిజంగానే పోయినట్టు. అప్పుడు డబ్బు కట్టండి, బాధ లేదు. ఈ నాలుగు జవాబులు రాకముందు మాత్రం యూపీఐ తెరవకండి.