పత్తి చెక్క పోషకమే.. బూజుతోనే పాలకు ముప్పు

బిలాస్‌పూర్: ఛత్తీస్‌గఢ్ ప్రధానంగా వరి రాష్ట్రం. తవుడుకు ఇక్కడ కొదవ లేదు గానీ, పత్తి సాగు నామమాత్రమే. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్ పరిసరాల్లోని పాడి పశువులకు పత్తి చెక్క కావాలంటే పొరుగు రాష్ట్రాల మిల్లుల వైపు చూడవలసిందే. హావ్‌డా-నాగ్‌పూర్-ముంబయి మార్గం ఈ పట్టణాన్ని విదర్భ పత్తి ప్రాంతంతో కలుపుతోంది. దేశంలో పత్తి అధికంగా పండించే రాష్ట్రాల్లో మహారాష్ట్ర, గుజరాత్‌లతో పాటు తెలంగాణ కూడా ఉంది.

పత్తి నుంచి దూది తీశాక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు గింజలే మిగులుతాయి. నూనె పిండగా వచ్చే చెక్కలో, పొట్టుతో ఉంటే 20 శాతానికి పైగా, పొట్టు తీస్తే సుమారు 40 శాతం మాంసకృత్తులు ఉంటాయి. గానుగ చెక్కలో మిగిలే నూనె పశువుకు అదనపు శక్తినిస్తుంది. పాల ధరను వెన్న శాతం నిర్ణయించే చోట రైతు దీనిపై మొగ్గు చూపడం సహజం.

గింజలో సహజంగా ఉండే గాసిపాల్ అనే పదార్థం విషతుల్యమైనది. నెమరువేసే పెద్ద పశువుల మొదటి పొట్టలో అది మాంసకృత్తులతో కలిసి చాలావరకు నిర్వీర్యమవుతుంది. ఆ పొట్ట పూర్తిగా వికసించని లేగదూడలకు ఈ రక్షణ ఉండదు. ఆబోతులకూ మోతాదు మించితే సంతానోత్పత్తి శక్తి దెబ్బతినే ప్రమాదముంది.

అసలు ముప్పు నిల్వలో ఉంది. తేమ తగిలిన చెక్కకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ బీ1 పుడుతుంది. పశువు కాలేయంలో అది ఎం1గా మారి, కొంత భాగం పాలలోకి చేరుతుంది. పాలను కాచినా, పాశ్చరీకరించినా అది నశించదు.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో జరిపిన దేశవ్యాప్త సర్వేలో 6,432 పాల నమూనాలను పరీక్షించగా, 368 నమూనాల్లో, అంటే 5.7 శాతంలో, ఎం1 పరిమితికి మించి ఉన్నట్లు తేలింది. ఆ పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము. మేత, దాణా ద్వారానే ఇది పాలలోకి వస్తోందని ఆ సంస్థ పేర్కొంది. 2020 జనవరిలో వాణిజ్య దాణాకు భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధనలు వర్తింపజేయాలని ఆదేశించింది. సమీకృత దాణాలో బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదన్నది ఆ ప్రమాణం.

అయితే, రైతు విడిగా బస్తాల్లో కొని ఇంటి వద్దే తవుడుతో కలిపే చెక్కకు ఈ సమీకృత దాణా ప్రమాణం అండగా నిలవదు. మిల్లు నుంచి లారీకి, గిడ్డంగికి, అక్కడి నుంచి కొట్టానికి చేరేలోగా వానాకాలం తేమ ఎక్కడ తగిలినా నష్టమే. బూజును కంటితో పసిగట్టవచ్చు గానీ, విషం పాళ్లు పరీక్షలోనే తెలుస్తాయి. ఆ పరీక్ష ఖర్చు ఒకటి రెండు పశువులున్న రైతుకు తలకు మించిన భారం.

అందువల్ల పత్తి చెక్కను నిషేధించడం పరిష్కారం కాదు. చౌకైన మాంసకృత్తులను దూరం చేస్తే నష్టపోయేది చిన్న రైతే. బస్తాలను నేలకు, గోడకు తగలకుండా చెక్క బల్లలపై నిల్వ చేయడం, బూజు వాసన వచ్చిన సరకును తిరస్కరించడం రైతు చేయగల పని. సరకు గిడ్డంగికి చేరినప్పుడే నమూనాలు తీసి పరీక్షించే బాధ్యతను మాత్రం పాల సహకార సంఘాలు, పశుసంవర్ధక శాఖలు స్వీకరించాలి. పాలను పరీక్షిస్తే తప్పు బయటపడుతుంది. దాణాను పరీక్షిస్తే ఆ తప్పు జరగకుండానే ఆగుతుంది.