సంతకం మనది, భాష ఎవరిది?



మామిడి కోతలప్పుడు మా పెదనాన్న జి. కొండూరు దగ్గర తోటలోనే కూలబడ్డాడు. గ్యాసన్నారు, సోడా తాగించారు. ఆటోలో బెజవాడ చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. హార్ట్ ఎటాక్. ఒకాయన వచ్చి పది పేజీల ఫారం నా చేతిలో పెట్టాడు. "కొత్త మందండీ, గుండె ఇంకా పాడవకుండా ఆపుతుంది. ఫ్రీ. త్వరగా సంతకం పెట్టండి." ఫారం తెలుగులోనే ఉంది. తెలుగులో డాక్టరేట్ చేసిన నాకే మొదటి పేజీ అర్థం కాలేదు. పెట్టేశాను.

పెదనాన్న బతికాడు. ఆయనకి ఎక్కించింది మందో, ఉత్తి సెలైనో ఈరోజుకీ మాకెవరూ చెప్పలేదు.

ప్రయోగాలు వద్దని నేననను. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే నిమిషనిమిషానికీ కండరం చచ్చిపోతుంటుంది. ఆ గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేస్ ప్రాణాలు నిలుపుతుందని 1988లో గట్టిగా చెప్పింది 17 వేల మందికి పైగా రోగులు పాల్గొన్న ఐసిస్-2 పరీక్షే. ఎవరో ఒప్పుకుంటేనే మందొచ్చింది. నా గొడవంతా ఆ ఒప్పుకోవడం గురించే.

అదే స్ట్రెప్టోకైనేస్‌ని జన్యు ఇంజనీరింగ్‌తో తయారుచేసి, కావలసిన అనుమతుల్లేకుండా హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ రోగుల మీద పరీక్షించిందనీ, ఎనిమిది మంది చనిపోయారనీ ఆరోపిస్తూ 2004లో సుప్రీంకోర్టులో కేసు పడింది. కంపెనీ కాదంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకాలు వేశారు. విచారణలో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద ఉన్నవి అమ్మానాన్నల సంతకాలు కావు, హాస్టల్ వార్డెన్లవి!

ప్రాణం పోతుంటే వివరించే టైమెక్కడిదంటారు. నాలుగు మాటలకి రెండు నిమిషాలు చాలు. ఇది ప్రయోగం. పనిచేయకపోవచ్చు. వద్దన్నా మామూలు వైద్యం ఆగదు. దీనివల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం మేమిస్తాం. ఇవేవీ చెప్పకుండా "ఫ్రీ" అని ఒక్కటే చెప్తే, జేబులో వంద లేని కూలోడు కాదనగలడా?

తోటకి కొత్త మందు కొట్టాలంటే ఆసామి ముందు రెండు చెట్లకి కొట్టి చూస్తాడు. పోతే ఆయన చెట్లే పోతాయి. ఇక్కడ లాభం వాళ్లది, చెట్లం మనం.

రోగికి అర్థమయ్యే భాషలోనే చెప్పాలనీ, చదువు రానివాళ్ల పక్కన నిష్పక్షపాత సాక్షి ఉండాలనీ 2019 నిబంధనల్లో ఉంది. మెడిసిన్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ ఫారాలు బయటికి తీయండి. తెలుగు చదివేవాళ్లం మా అమ్మలు మాట్లాడే తెలుగులో తిరగరాస్తాం. ప్రతి ఎథిక్స్ కమిటీలో ఒక సామాన్యుడు ఉండాలని కూడా అదే చట్టం చెప్తోంది. ఆ కుర్చీలో మన పేట మనిషి ఎప్పుడు కూర్చుంటాడు?