సిరంజి విద్యార్థి చేతిలో, పక్కన ఎవరు?

మన దేశంలో ఇన్సులిన్ ప్రధానంగా రెండు గాఢతల్లో దొరుకుతోంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. దేని సిరంజి దానిదే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో పదో గీత వరకు తీస్తే రోగికి అందేది పది కాదు, 25 యూనిట్లు. రక్తంలో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవడానికి అది చాలు.

వార్డులో నర్సింగ్ విద్యార్థిని ఇలా పొరబడితే ముందుగా వినిపించే మాట నిర్లక్ష్యం. ఆ క్షణాన ఆమె పక్కన ఎవరున్నారన్నది ఎవరూ అడగరు. పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిర్దేశించిన నిష్పత్తి. 2021 నాటి సవరించిన బీఎస్సీ పాఠ్యప్రణాళిక, రోగిని తాకే ముందు నైపుణ్య ప్రయోగశాలలో సాధనకు ప్రాధాన్యమిచ్చింది. కాగితంపై ఇవన్నీ సబబే. సిబ్బంది చాలని వార్డులో మాత్రం విద్యార్థిని నేర్చుకునే మనిషిగా కాక, అదనపు చేతులుగా లెక్కకొస్తుంది.

దండన భయం మరో చిక్కు. మార్కులు పోతాయనుకున్న విద్యార్థిని నోరు విప్పదు. రోగికి చెమటలు పట్టి, మాట తడబడ్డాకే విషయం బయటపడుతుంది. తప్పు జరిగిన వెంటనే చెప్పి ఉంటే చాలాసార్లు కాస్త గ్లూకోజుతోనే సరిపోయేది.