ఇంటి స్విచ్చి - వరుసలో ముందెవరు?

ఇంటింటా ఇంటర్నెట్ వాడుక పెరిగినకొద్దీ ఒక ఫిర్యాదు తరచుగా వినవస్తున్నది. అక్క ఆన్‌లైన్ పాఠము వింటున్న వేళ తమ్ముడు ఒక పెద్ద వీడియోను పంపడం మొదలుపెట్టగానే అధ్యాపకుని మాట ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. గల్ఫ్‌లోని తండ్రి ఇంటివారితో మాట్లాడుతూ ఉండగానే ఆయన ముఖము తెరపై పటమువలె నిలిచిపోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి తరగతిగది ఇంటిలోనికి ప్రవేశించిన నాటినుండి ఇది వినోదపు చిక్కుగా మిగలలేదు. చదువుకు సంబంధించిన చిక్కు అయినది. దీనికి విరుగుడుగా అంగడిలో చూపించే వస్తువు ప్రాధాన్యమిచ్చే స్విచ్చి. డబ్బాపై క్యూ.ఓ.ఎస్. అను మూడక్షరములు అచ్చువేసి ఉంటాయి. ఆ మూడక్షరములను నమ్మి డబ్బు చెల్లించడము తొందరపాటని మా అభిప్రాయము.

స్విచ్చి అనగా ఇంటిలోని కంప్యూటర్లను, టీవీని, రౌటరును తీగలతో కలిపే చిన్న పెట్టె. ప్రాధాన్యమనునది వేగమును పెంచదు. పది మెగాబిట్ల దారి ఎప్పటికీ పది మెగాబిట్ల దారియే. ఆ దారి అందరికీ చాలనప్పుడు ఎవరు ముందు పోవలెను, ఎవరు ఆగవలెను అని నిర్ణయించడము మాత్రమే దాని పని. కావున కొనబోయేముందు తెలిసికొనవలసినది, ఇంటిలో వరుస ఎక్కడ ఏర్పడుతున్నదనే విషయము.

నేటి సామాన్యమైన స్విచ్చిలో ఒక్కొక్క పోర్టు సెకనుకు 1000 మెగాబిట్లను మోయగలదు. 1500 బైట్ల ప్యాకెట్టు దానిని దాటడానికి పట్టే కాలము 12 మైక్రోసెకన్లు. అక్కడ వరుస ఏర్పడడము అరుదు. అదే ప్యాకెట్టు ఇంటినుండి బయటికి 10 మెగాబిట్ల దారిన పోవలెనంటే 1.2 మిల్లీసెకన్లు, అనగా నూరు రెట్ల కాలము పడుతుంది. ఇరుకంతా అక్కడ ఉన్నది. రౌటరులో పది లక్షల బైట్లు బయటికి పోవడానికి వేచి ఉన్నవనుకొందాము. ఆ వరుస చివర చేరిన ప్యాకెట్టుకు 0.8 సెకను నిరీక్షణ తప్పదు. మాటలు ఒక కొసనుండి మరొక కొసకు 150 మిల్లీసెకన్లలోపల చేరితే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము జి.114 సిఫారసులో చెప్పినది. ఆ లెక్కకు ఈ నిరీక్షణ అయిదు రెట్లకు మించినది. ఇట్టి ఇంటిలో ఖరీదైన స్విచ్చిని పెట్టడము, వాకిట అంబులెన్సుకు దారి విడిచి వీధి చివరి ఇరుకు వంతెనపై దానిని ఎడ్లబండి వెనుక నిలబెట్టడము వంటిది.

దీనిని పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. కంప్యూటరులో పింగ్ అను ఆజ్ఞ నిచ్చి జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తున్నదో చూడవలెను. పిమ్మట మరొక పరికరము నుండి పెద్ద ఫైలు నొకదానిని పంపుతూ మరల చూడవలెను. ఇరవై ఉన్న అంకె కొన్ని వందలకు ఎగబాకితే వరుస బయటి దారివద్దనే ఉన్నదని అర్థము. దీనికి ఔషధము రౌటరులో కలదు. కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ అనువారు 2012లో ప్రకటించిన కోడెల్ పద్ధతి, దానిపై నిర్మించిన ఎఫ్.క్యూ. కోడెల్ పద్ధతి, వరుసను పొడవుగా పెరుగనీయక అందరికీ వంతులు పంచుతాయి. ఉచితముగా లభించే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అను సాఫ్ట్‌వేరులో ఇది ఉన్నది. బయటికి పోవు వేగమును అసలు వేగముకంటె కొంచెము తక్కువగా నియమించుకొంటే వరుస మన రౌటరులోనే నిలుస్తుంది, మన మాట వింటుంది. ఆ సాఫ్ట్‌వేరుకు తగిన పాత రౌటరు ఇంటిలో ఉన్నవారు కొత్తది కొననక్కరలేదు.

మరొక మాట. ఇంటిలో అధిక భాగము ఫోనులు వై-ఫైతో రౌటరును నేరుగా చేరుతాయి. అవి స్విచ్చి ముఖమైనా చూడవు.

అయితే స్విచ్చి పూర్తిగా నిరుపయోగమా అంటే కాదు. రెండు గదుల నడుమ ఒకే తీగ ఉండి, దానిపైననే కంప్యూటరు, కెమెరాలు, ఫైళ్ళు దాచే పెట్టె ఆధారపడి ఉన్నప్పుడు వరుస నిజముగా స్విచ్చిలోనే ఏర్పడుతుంది. పాత 100 మెగాబిట్ల పోర్టు ఉన్నచోట మరీను. అట్టివారు కొనేటప్పుడు బ్రౌజరు ద్వారా అమర్చుకొనగల రకమునే అడుగవలెను. 802.1పి ప్రమాణములో మూడు బిట్లు, ఎనిమిది అంతస్తులు, డి.ఎస్.సి.పి.లో ఆరు బిట్లు, అరువదినాలుగు విలువలు. వినడానికి గంభీరముగానే ఉంటుంది. కాని ఇంటి కంప్యూటర్లు చాలవరకు తమ ప్యాకెట్లపై ఏ గుర్తూ వేయవు. గుర్తు లేనిదే అమరిక లేని స్విచ్చికి అన్నియు సమానమే. ఈ పోర్టుకు ఇంత ప్రాధాన్యమని మనమే నిర్ణయించగల సౌకర్యము ఉండవలెను. నిజముగా ఎన్ని వరుసలున్నవో కూడ అడుగవలెను. ఎనిమిది అంతస్తులను నాలుగు వరుసలలో సర్దే స్విచ్చులు కలవు. 802.3ఎక్స్ ప్రవాహ నియంత్రణను ఆపివేయడము మంచిది. అది ఆగుమన్నప్పుడు ముఖ్యమైనవి, కానివి అన్నియు కలిసి ఆగుతాయి.

ఇక అసలు వివాదము ఇంటివారి మధ్యనే. కఠిన ప్రాధాన్య పద్ధతిలో పై వరుస ఖాళీ అయ్యేవరకు క్రింది వరుస కదలదు. బరువుల పద్ధతిలో ప్రతివానికి ఎంతో కొంత దక్కుతుంది. టెలిఫోను నాణ్యతగల మాటకు సెకనుకు 64 కిలోబిట్లు, దాని తలకట్లకు మరికొంత, చాలును. కావున మాటను అగ్రస్థానమున నిలిపినందున ఎవరికీ నష్టము లేదు. సినిమా అరసెకను ఆగినందున చూచేవాడు గమనింపనైనా గమనింపడు. ఆటలాడేవానికి ఆలస్యము బాధయే, ఒప్పుకొంటాము. అయినను పరీక్ష వ్రాసేవారి తరువాతనే అతని వంతు. మన ఇండ్లలో రౌటరు పాస్‌వర్డు సాధారణముగా పెద్ద కుమారుని చేతిలో ఉంటుంది. అతడు తన ఆటను ఒకటవ వరుసలో నిలిపి, చెల్లెలి తరగతిని నాలుగవ వరుసలో పెడితే యంత్రము ఎదురుచెప్పదు. అటువంటి అమరిక జరిగిన ఇంటిలో ఆ బాలిక నెట్ సరిగా లేదనుకొని తరగతి మానుకొంటుందే తప్ప, కారణము పక్కగదిలో ఉన్నదని ఆమెకు తెలియదు. అందుచేత ఈ కొలతను విద్యార్థినులు స్వయముగా నేర్చుకొనవలెనని మేము గట్టిగా కోరుతున్నాము. పరీక్షలకు ముందు ఒక శనివారము కంప్యూటరు ప్రయోగశాలలో దీనిని చేసి చూపడానికి కళాశాల కమిటీవారు అనుమతించ ప్రార్థన. కావలసినవి ఒక పాత రౌటరు, రెండు కంప్యూటర్లు, నాలుగు మూరల తీగ.