రెండో గోల్‌కీపర్

ఎతిమరపు రజని పాత చిత్తూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లా, ఎర్రావారిపాలెం మండలంలోని యనమలవారిపల్లె అమ్మాయి. 1990 జూన్ 9న పుట్టింది. పక్కనున్న నేరబైలు సర్కారు బడిలో హాకీ కర్ర పట్టి, భారత మహిళల జట్టులో గోల్‌కీపర్ అయింది. నిజామాబాద్ అమ్మాయి యెండల సౌందర్యను కలుపుకున్నా, ఈ తరంలో తెలుగు నేల నుంచి ఆ జట్టుకు వెళ్లినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే.

హాకీ గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. బంతి 160 గ్రాముల చుట్టూ తూగుతుంది, రాయిలా గట్టిగా ఉంటుంది. పెనాల్టీ కార్నర్‌లో గోల్‌కీపర్ సహా అయిదుగురే కాపలా కాయాలి. షూటవుట్‌లో అయితే ఒంటరి పోరే: ఎదుటి ఆటగత్తెకు ఎనిమిది సెకన్లు, అడ్డుకునేది ఒక్కరు. ముందువరుస వాళ్లను కొద్ది నిమిషాలకోసారి మారుస్తారు కానీ గోల్‌కీపర్‌ను మార్చడం అరుదు. అందుకే రెండో గోల్‌కీపర్‌గా ఉండటం ఈ ఆటలో అన్నిటికంటే ఓర్పు అడిగే కొలువు.

రజనిది ఎక్కువగా ఆ కొలువే. మొదటి స్థానం సవితా పూనియాది. 2017లో జపాన్‌లో ఆసియా కప్ స్వర్ణం, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో రజతం, 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన మూడు జట్లలోనూ సవిత పక్కన రజని ఉంది.

ఒలింపిక్స్ దగ్గరే లెక్క తిరగబడింది. పెద్ద పోటీలకు మామూలుగా 18 మందిని తీసుకెళ్తారు, గోల్‌కీపర్లు ఇద్దరుంటారు. ఒలింపిక్ జట్టులో మాత్రం 16 మందే. గోల్‌కీపర్‌గా ఒక్కరినే తీసుకుంటే రెండోవారి పేరు రిజర్వు జాబితాలోకి వెళ్తుంది. 1980 మాస్కో తర్వాత 36 ఏళ్లకు భారత మహిళలు అర్హత సాధించిన 2016 రియోలోనూ, 2021లో జరిగిన టోక్యోలోనూ రజనికి జరిగింది అదే. టోక్యోలో ఆగస్టు 2న ఆస్ట్రేలియాను 1-0తో ఓడించినప్పుడు సవితను అడ్డుగోడ అని దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ పెనాల్టీ కార్నర్ కొట్టేవాళ్లు సాధన చేసేది ఇద్దరు గోల్‌కీపర్ల మీద. ఆ దెబ్బల్లో సగం రెండో గోల్‌కీపరే తింటుంది. ఆ ఇద్దరికీ చోటివ్వని నిబంధన మారాలి.

టోక్యో తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనికి 25 లక్షల నగదు, తిరుపతిలో 1000 చదరపు గజాల స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం, నెలకు 40 వేలు ప్రకటించింది. అంతకుముందరి ప్రభుత్వ కాలం నుంచి బకాయి ఉన్న 67.5 లక్షలూ అప్పుడే ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషమే. అయితే కొత్త కానుక కంటే పాత బాకీ రెండింతలకు పైనే ఉంది. జట్టు టోక్యోలో నాలుగో స్థానం దాకా రాకపోయి ఉంటే ఆ బాకీ ఇంకెన్నాళ్లు ఆగేదో.

ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు బడిబడిలో హాకీ వీరుడు ధ్యాన్‌చంద్ పటానికి దండ వేస్తారు. పటం ముందు నిలబడే పిల్లల్లో హాకీ కర్ర ముట్టుకున్నవాళ్లు ఎంతమంది? పీఈటీ లేని బడిలో ఆటల పీరియడ్ లెక్కల సారుదవుతుంది. పీఈటీ ఉన్నచోట నేలే దొరకదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ కృత్రిమ పచ్చికకు మారింది. ఆ ఏడాది భారత పురుషులు ఏడో స్థానానికి పడిపోయారు. అర్ధశతాబ్దం గడిచినా, ఉదాహరణకు సూర్యాపేట జిల్లా నడిగూడెం అమ్మాయి అలాంటి నేల మీద ఆడాలంటే దాదాపు 170 కిలోమీటర్ల అవతలి హైదరాబాద్ లాంటి నగరానికి పోవాలి.

నడిగూడెం చిన్న ఊరని అనుకోవడానికి లేదు. ఒకప్పటి మునగాల పరగణాకు అదే కేంద్రం. ఆ కోటలోని రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయానికి, 1906లో పుస్తకాలు ప్రచురించే విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణం పోశారు. ఊరూరికీ పుస్తకం చేరాలని అప్పట్లో పట్టుపట్టినవాళ్లున్నారు. బంతి కోసం అలా పట్టుపట్టినవాళ్లు ఇప్పటికీ లేరు. కబడ్డీ, ఖోఖో బతికున్నాయంటే వాటికి గీతలు గీసిన మట్టి చాలు కాబట్టే. జిల్లా కేంద్రాల్లో కోట్లు పోసి కడుతున్న ఇండోర్ హాళ్లు మండలాల పిల్లలకు ఏ మేరకు అందుతున్నాయో లెక్క చెప్పమని శాసనసభలో ఎవరైనా అడగాలి.

2024 జనవరిలో మస్కట్‌లో అయిదుగురి హాకీకి మొదటి ప్రపంచ కప్ జరిగింది. భారత మహిళల జట్టుకు కెప్టెన్ రజని. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి జట్టు రజతం తెచ్చింది. ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చున్న మనిషి ముందు నడిచి తెచ్చిన ఆ పతకానికి మన ఆటల పేజీలు మొదటి పేజీ చోటివ్వాల్సింది.

అయిదుగురి హాకీకి పూర్తి మైదానంలో సగం కూడా అక్కర్లేదు. బంతి బయటికి పోకుండా చుట్టూ చెక్కలుంటాయి. మండలానికి ఒక్క ఉన్నత పాఠశాలలో అంత చోటు చదును చేసి, ఒక పీఈటీని వేసి, పాతిక కర్రలు ఇస్తే ఆట మొదలవుతుంది. గోల్‌కీపర్ల ప్యాడ్లు, హెల్మెట్లు మాత్రం రెండు జతలు కొనాలి.