రాయి నాటకముందే అడగండి

నంద్యాల, ఆళ్లగడ్డల్లో పేదల ఇళ్ల లేఅవుట్ అనగానే జనం అడగాల్సిన మొదటి ప్రశ్న: వానొస్తే అక్కడికి దారి ఉంటుందా? అలా అడగడం అడ్డు తగలడం కాదు. 2019 సెప్టెంబరులో కుందూ నది పొంగిన, మహానంది ఆలయంలోకే నీళ్లొచ్చిన ప్రాంతమిది. ఏ చేలో ఎన్నాళ్లు నీళ్లు నిలుస్తాయో అక్కడ గొర్రెలు మేపినవాళ్లకు తెలిసినంత మ్యాపుకు తెలియదు.

పైగా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. పునాది లోతుగా తీయకపోతే గోడ పగులుతుంది. ఆ అదనపు ఖర్చు ఎవరి నెత్తిన? ఇక ఇంటి కొలతలు. ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఫ్లాట్లలో చిన్నవి 300 చదరపు అడుగులే. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. మెట్లకు పోగా బండి ఎక్కడ పెట్టుకోవాలి? పల్లెల్లోనైతే బర్రెనెక్కడ కట్టేయాలి? ప్రభుత్వంతోపాటు కొలతలూ మారుతున్నాయి, ఉండబోయేవాళ్లను అడగడమే అలవాటు కాలేదు.

సర్వే రాయి నాటకముందే వార్డుసభ, గ్రామసభ జరపాలి, అదీ కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చాక, సాయంత్రం పూట. సంతకాలు పెట్టించుకుని లేచిపోయే సభలు చాలానే చూశాం. మురుగుకాలువ చివరికి ఎందులో కలుస్తుందో నక్షాలో చూపించాలి. జనం చెప్పిన అభ్యంతరాలను, అధికారుల జవాబులను సచివాలయం గోడకు అంటించాలి.